తిన్నది ఒంటికి పట్టనప్పుడు: ఒక పాంక్రియాస్ క్యాన్సర్ కేసు

ఆంకాలజీ (క్యాన్సర్) విభాగం నుంచి వచ్చిన చీటీలో ఒకటే వాక్యం ఉంది: "బరువు బాగా తగ్గారు, మూడో కీమో సైకిల్ ఆపాం, ఒకసారి చూడగలరు." చెన్నైలో మా పాలియేటివ్ కేర్ ఓపీకి, అంటే బాధ తగ్గించే చికిత్స విభాగానికి, ఇలాంటి చీటీలు తరచూ వస్తుంటాయి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చే తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి, టీమ్‌లో తెలుగు వచ్చిన డాక్టర్‌గా వాళ్లు నా వంతుకే వస్తారు. ఈ కేసు రాయడానికి కారణం ఉంది. క్యాన్సర్‌లో మనిషి చిక్కిపోవడానికి పుస్తకాల్లో చెప్పే కారణాలు దాదాపు అన్నీ ఈ ఒక్కరిలోనే కనిపించాయి. అందులో కొన్నిటిని సరిచేయగలిగాం. ఒకదాన్ని చేయలేకపోయాం. పేరు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వయసు 56. గూడూరు దగ్గర నిమ్మకాయల వ్యాపారం. ఎత్తు 170 సెంటీమీటర్లు. ఆర్నెల్ల కిందట 72 కిలోలు ఉన్న మనిషి మా దగ్గరికి వచ్చిన రోజు 55 ఉన్నారు. అంటే ఒంటి బరువులో దాదాపు 24 శాతం పోయింది. ఆర్నెల్లలో 5 శాతానికి మించి తగ్గితే చాలు, క్యాన్సర్ క్షీణతగా, అంటే క్యాకెక్సియాగా లెక్కించాలని 2011లో అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చింది. ఈయన ఆ గీత ఎప్పుడో దాటేశారు, అప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు.

రాకపోవడానికి కారణం షుగర్. జబ్బు బయటపడటానికి కొన్ని నెలల ముందు షుగర్ వచ్చింది. ఇంట్లో ఇంకెవరికీ లేదు. బరువు తగ్గుతుంటే, షుగర్ వచ్చినవాళ్లు తగ్గుతారులే అన్నారు. పొట్ట తగ్గింది, బాగున్నావు అని మార్కెట్‌లో మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారట. యాభై దాటాక హఠాత్తుగా షుగర్ వచ్చి, దాంతోపాటు బరువు కూడా జారిపోతుంటే పాంక్రియాస్ (క్లోమం) వైపు ఒకసారి చూడటం మంచిది. మామూలు టైప్ 2 షుగర్ ఎక్కువగా బరువు పెరిగేవాళ్లకు వస్తుంది, తగ్గేవాళ్లకు కాదు. చివరికి కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురద మొదలయ్యాక స్కాన్ తీశారు. పాంక్రియాస్ తల భాగంలో గడ్డ, కాలేయంలో మచ్చలు. పిత్తనాళంలో స్టెంట్ వేసి, జెమ్‌సిటబిన్, నాబ్-పాక్లిటాక్సెల్ కీమో రెండు సైకిళ్లు ఇచ్చారు.

మొదటి రోజు చూసినవి

కణతలు లోపలికి పోయాయి. భుజాల మీద కండ లేదు, కాలర్ ఎముకలు దూరం నుంచే కనిపిస్తున్నాయి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోయారు. చేతి పట్టు 17 కిలోలు వచ్చింది. ఆసియా మగవాళ్లలో 28 కన్నా తక్కువైతేనే బలహీనం అంటాం. చీలమండల దగ్గర వాపు ఉంది. ఈ వాపును తేలిగ్గా తీసుకోకూడదు. 55 కిలోల్లో ఒకటో రెండో నీటి బరువే అన్నమాట. నాలుక మీద తెల్లటి పొర, తుడిస్తే ఎర్రగా మండుతోంది, ఫంగస్. నొప్పి ఎంత అంటే పదికి ఏడు అన్నారు. పైకడుపులో మొదలై వీపులోకి పోతుందట. పడుకోలేక, దిండును పొట్టకు అదుముకుని ముందుకు వంగి కూర్చునే నిద్రపోతున్నారు. తిన్నాక నొప్పి ఇంకా పెరుగుతోంది. తింటే నొప్పి వస్తుందని తెలిసినప్పుడు ఎవరికి మాత్రం ఆకలి వేస్తుంది?

మోషన్ ఎలా ఉంటోందని అడిగితే, "బాగానే ఉంది మేడమ్" అన్నారు. అంతవరకు అందరికీ అదే చెప్పారు. నేను ఆయన భార్య వైపు తిరిగాను. ఆమె కాస్త ఇబ్బందిపడి, "రెండు బకెట్లు పోసినా పోదు మేడమ్. పైన నూనె తేలినట్టు ఉంటది. లాడ్జి వాళ్లు ఏమనుకుంటారోనని నేనే కడుగుతా ఉండాను" అంది.

ఆ మాటతో సగం కేసు తేలిపోయింది. గడ్డ పాంక్రియాస్ నాళాన్ని మూసేస్తే కొవ్వును, మాంసకృత్తుల్ని అరిగించే ఎంజైములు పేగులోకి చేరవు. తిన్న నెయ్యి, గుడ్డు, పాలు అరగకుండానే బయటికి పోతాయి. ఆంకాలజీ వాళ్లు ఎంజైమ్ క్యాప్సూల్స్ రాసే ఉన్నారు. ఆమె సంచిలోంచి స్ట్రిప్ తీసి చూపించింది. "గ్యాస్ మాత్రతో కలిపి పొద్దున్నే పరగడుపున వేస్తాం మేడమ్, రోజుకొకటి." మందుల కవర్ మీద ఎలా వాడాలో ఇంగ్లీషులోనూ తమిళంలోనూ రాసి ఉంది. ఆమెకు రెండూ రావు. చదవగలిగిన కొడుకు ఆ రోజు గూడూరులో ఉన్నాడు. పరగడుపున వేసిన ఎంజైమ్‌కు అరిగించడానికి ఏమీ ఉండదు. ఖరీదైన మందు, ఒక్క ముద్దకు కూడా పనికిరాకుండా పోయింది.

తర్వాత, ముందురోజు నిద్ర లేచినప్పటి నుంచి ఏమేం తిన్నారో వరసగా చెప్పమన్నాను. పొద్దున లక్ష్మణఫలం ఆకుల కషాయం పెద్ద గ్లాసుడు. తర్వాత చక్కెర లేని పల్చటి రాగిజావ. మధ్యాహ్నం చారన్నం రెండు పిడికిళ్లు. సాయంత్రం మళ్లీ కషాయం. రాత్రి ఒకటిన్నర ఇడ్లీ. మధ్యలో ప్రోటీన్ పొడి రెండు చెంచాలు, నీళ్లలో. మా డైటీషియన్ లెక్క వేస్తే మొత్తం 700 కేలరీలు కూడా రాలేదు, ప్రోటీన్ 15 గ్రాములు. 55 కిలోల రోగికి రోజుకు సుమారు 1,400 నుంచి 1,650 కేలరీలు, కనీసం 55 గ్రాముల ప్రోటీన్ కావాలి, కుదిరితే 80 దాకా.

గుడ్డు ఎందుకు మానేశారు? వేడి చేస్తుందని. పెరుగు? జలుబని. మాంసం? జబ్బు మనిషికి అరగదని. చక్కెర, అన్నం? క్యాన్సర్‌కు చక్కెరే మేత అని వాట్సాప్‌లో చూశారు, పైగా షుగర్ కూడా ఉంది. పథ్యం అనే మాటకు మన ఇళ్లలో ఉన్న గౌరవం నాకు తెలుసు కాబట్టి దాన్ని ఎగతాళి చేయను. కానీ ఈ మనిషి విషయంలో ఆ పథ్యం జబ్బు పక్షాన చేరింది. చక్కెర మానేస్తే గడ్డ ఆకలితో చచ్చిపోదు. దానికి కావాల్సిన గ్లూకోజ్‌ను కాలేయం కండ కరిగించి మరీ తయారు చేసిపెడుతుంది.

మందుల చీటీలో ఇంకో రెండు కారణాలు దొరికాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ నడుస్తున్నాయి. మెట్‌ఫార్మిన్ కొందరిలో ఆకలి చంపేస్తుంది, వికారం తెస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ పనే గ్లూకోజ్‌ను మూత్రంలో బయటికి పంపడం. లావుగా ఉన్న షుగర్ రోగికి అది మేలు, చిక్కిపోతున్నవాళ్లకు కన్నం పడిన కుండలో నీళ్లు పోసినట్టు. షుగర్ కోసం మొదట్లో రాసిన మందులు, క్యాన్సర్ తేలాక ఎవరూ మళ్లీ తిరగేయలేదు. అన్ని మాత్రలు వేసుకుంటున్నా ఆ రోజు షుగర్ 320.

రక్తపరీక్షల్లో ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే సీఆర్‌పీ 62, రక్తంలోని ప్రోటీన్ అయిన అల్బుమిన్ 2.6. అల్బుమిన్ తక్కువగా కనిపించగానే తిండి చాలడం లేదని కొందరు అనుకుంటారు, అల్బుమిన్ ఎక్కించమని అడుగుతారు. ఇక్కడ అది తక్కువ కావడానికి ముఖ్య కారణం ఒంట్లో నడుస్తున్న ఇన్‌ఫ్లమేషన్, కాళ్ల వాపు లాంటిది కాదు. సీఆర్‌పీ పెరిగి అల్బుమిన్ తగ్గిందంటే జబ్బు తనంతట తానే ఒంటిని తినేస్తోందని అర్థం. సీసాలు ఎక్కించినా అది ఆగదు.

ఒంటిని జబ్బు ఎలా తింటుంది

ఏకాదశి ఉపవాసం లాంటిది కాదిది. ఆరోగ్యంగా ఉన్న మనిషి తిండి మానేస్తే శరీరం మెల్లగా ఖర్చు తగ్గించుకుంటుంది, కొవ్వును ముందు వాడుకుని కండను కాపాడుకుంటుంది. క్యాకెక్సియాలో ఆ పొదుపు ఉండదు. కొవ్వూ కండా రెండూ ఒకేసారి కరుగుతాయి, పడుకుని ఉన్నా ఖర్చు తగ్గదు. గడ్డ నుంచీ, దాని మీద పోరాడుతున్న రోగనిరోధక కణాల నుంచీ ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి రసాయనాలు వెలువడతాయి. టీఎన్ఎఫ్‌ను పరిశోధకులు 1980ల్లో మొదట క్యాకెక్టిన్ అనే పేరుతోనే గుర్తించారు. ఇవి కండ కణాల్లో ప్రోటీన్‌ను ముక్కలు చేసే యంత్రాంగాన్ని లేపుతాయి, ఇన్సులిన్ మాట వినకుండా చేస్తాయి, మెదడులో ఆకలిని అణచేస్తాయి. గడ్డ వదిలే లాక్టేట్‌ను కాలేయం మళ్లీ గ్లూకోజ్‌గా మార్చడానికి ఇంకొంత శక్తి వృథా అవుతుంది.

ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్న పేరు జీడీఎఫ్-15 అనే ప్రోటీన్. ఇది మెదడు అడుగుభాగంలో ఉన్న ఒక గ్రాహకానికి (రిసెప్టర్‌కు) అతుక్కుని వికారం, తిండి మీద విరక్తి కలిగిస్తుంది. ఆ గ్రాహకం ఏదో 2017లో తెలిసింది. జీడీఎఫ్-15ను అడ్డుకునే పాన్‌సెగ్రోమాబ్ అనే ఇంజెక్షన్‌ను 187 మంది మీద పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువ డోసు తీసుకున్నవాళ్లు 12 వారాల్లో, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకన్నా 2.8 కిలోలు ఎక్కువ ఉన్నారు. కొడుకు ఫోన్‌లో ఇది చదివి, "ఎంతైనా పర్లేదు మేడమ్, తెప్పిద్దాం" అన్నాడు. పరీక్షల దశలో ఉన్న మందు మందుల షాపులో దొరకదని చెప్పాల్సి వచ్చింది.

మేం చేసింది

మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ ఆపి ఇన్సులిన్ మొదలుపెట్టాం. తిండికి గ్యారంటీ లేని మనిషి కాబట్టి భోజనం ఇన్సులిన్‌ను తినకముందు కాకుండా తిన్న వెంటనే, తిన్నదానికి తగ్గట్టు వేయమన్నాం. షుగర్ 200 లోపు ఉంటే చాలనుకున్నాం. అంతకన్నా గట్టిగా పట్టుకోవాలని చూస్తే ఉన్నట్టుండి షుగర్ పడిపోయే ప్రమాదం.

ఎంజైమ్‌లు భోజనానికి 25,000 యూనిట్ల క్యాప్సూల్స్ రెండు: ఒకటి మొదటి ముద్దతో, రెండోది మధ్యలో. పాలో, గుడ్డో, చిరుతిండో అయితే ఒకటి. నమలకూడదు, పొడి చేయకూడదు. నర్సమ్మ ఆయన భార్య చేతే ఒకసారి చేయించి చూసింది, తెలుగులో రాసిన కాగితం ఇచ్చింది.

నొప్పికి మార్ఫిన్ 5 మిల్లీగ్రాములు, నాలుగు గంటలకోసారి, దాంతోపాటు విరేచనం మందు. మార్ఫిన్ పేరు వినగానే కొడుకు ముఖం మారిపోయింది. "అంతదాకా వచ్చిందా మేడమ్?" నొప్పి పోతేనే నిద్ర పడుతుంది, నిద్ర పడితేనే నాలుగు ముద్దలు లోపలికి పోతాయి, అందుకే ఇది అన్నం తినడానికి ఇచ్చే మందు అనుకో అన్నాను. తర్వాత సీలియక్ ప్లెక్సస్ బ్లాక్, అంటే పాంక్రియాస్ నొప్పిని మోసే నరాల గుంపు దగ్గర ఇచ్చే ఇంజెక్షన్, కూడా చేయించాం, దాంతో మార్ఫిన్ తగ్గించగలిగాం.

నోట్లో ఫంగస్‌కు ఫ్లుకోనజోల్. అది గుండె లయ మీద ప్రభావం చూపుతుంది, ఆకలికి ఇవ్వబోయే మందు కూడా కొంత చూపుతుంది కాబట్టి ఈసీజీ తీశాకే. ఆర్నెల్లలో 15 శాతానికి మించి బరువు పోయిన మనిషికి ఒక్కసారిగా తిండి పెంచితే ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి ప్రమాదం ముంచుకొస్తుంది. అందుకే మొదట థయామిన్ (బీ1 విటమిన్) ఇచ్చి, రక్తం చూసుకుంటూ కేలరీలు మెల్లగా పెంచాం.

ఆకలి మందు దగ్గర కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. స్టెరాయిడ్ ఇస్తే రెండు మూడు వారాలు బాగా తింటారు, కానీ షుగర్ 320, నోట్లో ఫంగస్, పైగా స్టెరాయిడ్ కండనే కరిగిస్తుంది. మెజెస్ట్రాల్ ఆకలి పెంచుతుంది, రక్తం గడ్డలు కట్టే ముప్పు కూడా పెంచుతుంది. పాంక్రియాస్ క్యాన్సర్‌లో ఆ ముప్పు ముందే ఎక్కువ. ఆకలి సిరప్‌గా మనకు అలవాటైన సైప్రోహెప్టడిన్ ముదిరిన క్యాన్సర్‌లో పెద్దగా పనిచేయదు. మిగిలింది మానసిక జబ్బులకు వాడే ఒలాంజపిన్. మనకు మూడు గంటల దూరంలో ఉన్న పుదుచ్చేరి జిప్మర్ వాళ్లు 124 మంది మీద చేసిన పరీక్ష 2023లో వచ్చింది. రోజుకు 2.5 మిల్లీగ్రాములు, 12 వారాలు. బరువు 5 శాతానికి మించి పెరిగినవాళ్లు ఈ మందు తీసుకున్నవాళ్లలో 60 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 9 శాతం. అదే ఏడాది అమెరికా క్లినికల్ ఆంకాలజీ సంఘం కూడా తన సూచనల్లో దీన్ని చేర్చింది. అయితే జిప్మర్ పరీక్షలో ఉన్నవాళ్లంతా కీమో అప్పుడే మొదలుపెడుతున్నవాళ్లు, మా మనిషి అప్పటికే ఎంతో పోగొట్టుకున్నారు, కాబట్టి అంత ఫలితం ఆశించలేదు. రాత్రిపూట 2.5 ఇచ్చాం. అప్పటిదాకా నడుస్తున్న వాంతుల మందు మెటోక్లోప్రమైడ్ ఆపాం, ఆ రెండూ కలిస్తే ఒళ్లు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఒలాంజపిన్ కూడా షుగర్ పెంచవచ్చు కాబట్టి ఇన్సులిన్ మీద కన్నేసి ఉంచాం.

"సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుంది కదా?" అని ఊరి నుంచి వచ్చిన బావమరిది అడిగాడు. అరలీటరు 5 శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. ఒక అరటిపండు తిన్నా దాదాపు అన్నే కేలరీలు వస్తాయి.

ఇక తిండి. డైటీషియన్ ఏమీ కొత్తగా వండమనలేదు. పెరుగన్నంలో పాలమీగడ, పప్పులో నెయ్యి, ఇడ్లీకి చట్నీ బదులు పల్లీపొడి నెయ్యితో, రోజుకు రెండు మూడు గుడ్లు, ప్రోటీన్ పొడి నీళ్లలో కాకుండా పాలలో. రెండు గంటలకోసారి కొంచెం. కీమో వల్ల నోరు ఇనుము రుచి అయిందన్నారు, అందుకని స్టీలు కంచం, గ్లాసు తీసేసి పింగాణీవి పెట్టమన్నాం. చేపల పులుసంటే ప్రాణం, కానీ ఉడికేటప్పుడు వాసనకే డోకు వస్తోంది. వేడి తిండికి వాసన ఎక్కువ కాబట్టి పూర్తిగా చల్లారాక, వండిన గదిలో కాకుండా వేరే చోట పెట్టమన్నాం. నోటి పుండ్లు తగ్గాక నిమ్మకాయ ఊరగాయ అడిగి మరీ వేయించుకున్నారు. కషాయం మానేయమని చెప్పడం కష్టం, అది వాళ్ల మేనత్త పంపింది. మానమనకుండా, అన్నం తిన్నాక రెండు చెంచాలు చాలన్నాను. కడుపులో దాని చోటు ఖాళీ అయితే నాకు చాలు.

ఫిజియోథెరపిస్ట్ కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం నేర్పాడు, మొదట్లో చేతులు ఆనించి, పూటకు ఐదుసార్లు. కండ పని చేయకపోతే తిన్న ప్రోటీన్ కండ కాదు.

కంచం గొడవ

మూడో విజిట్‌లో నర్సమ్మ ఒక మాట చెప్పింది. మెట్ల మీద కంచం చప్పుడు వినగానే ఆయన కళ్లు మూసుకుని నిద్ర నటిస్తున్నారట. ఆయన భార్య పక్కనే కూర్చుని "ఇంకొక్క ముద్ద, నా కోసం" అంటుంది. ఈయన కోప్పడతారు. ఆమె వరండాలోకి పోయి ఏడుస్తుంది.

ఇద్దరినీ కూర్చోబెట్టాను. ఆయన తినడం లేదు కాబట్టి చిక్కిపోతున్నారని ఆమె నమ్మకం. నేను చెప్పింది: ఆయనకు ఆకలి చంపేసేది ఈ జబ్బే, మొండితనం కాదు. మీరు వండింది బాగోలేక కాదు. గంటల లెక్కన కంచం పెట్టి అరగంట తర్వాత ఏమీ అనకుండా తీసేయండి. తిన్నదెంతో మా డైటీషియన్ చూసుకుంటుంది, మీరు లెక్కపెట్టొద్దు. ఆ మాటకు ఆయన నా వైపు చూసి, "ఈ ముక్క ముందే చెప్పి ఉంటే బాగుండేది మేడమ్" అన్నారు. నా అంచనా ప్రకారం మందులన్నిటికన్నా ఆ వారం ఆయన తిండిని పెంచింది ఇదే. నిరూపించలేను.

ఆ తర్వాత

రెండు వారాల్లో మోషన్ మామూలుగా అయింది, షుగర్ 150 నుంచి 200 మధ్యకు వచ్చింది, నొప్పి మూడుకు దిగింది. బరువు మాత్రం 54కు తగ్గింది, కొడుకు కంగారుపడ్డాడు. కాళ్ల వాపు తీసినందువల్ల అది నీరే. నెలకు 55 దాటింది, రెండు నెలలకు 57.4. చేతి పట్టు 21. చేతులు ఆనించకుండా లేస్తున్నారు. ఆంకాలజిస్ట్ డోసు తగ్గించి కీమో మళ్లీ మొదలుపెట్టారు. గూడూరు నుంచి రైల్లో తనే వచ్చి వెళ్తున్నారు, ఒకసారి మార్కెట్‌కు కూడా పోయొచ్చారట. పెరిగిన దానిలో కండ ఎంత, కొవ్వెంత, నీరెంత అనేది తూకం చెప్పదు. పట్టు పెరిగింది కాబట్టి కొంతైనా కండే అనుకున్నాను.

నాలుగో నెలలో స్కాన్‌లో కాలేయం మచ్చలు పెరిగాయి. తిండి తగ్గలేదు, ఎంజైమ్‌లు తప్పలేదు, షుగర్ అదుపులోనే ఉంది, అయినా మూడు వారాల్లో ఐదు కిలోలు పోయింది. సరిచేయగలిగినవన్నీ సరిచేశాక కూడా ఇలా జారితే దాన్ని మొండి దశ అంటాం. రోజులో ఎక్కువ భాగం మంచం మీదే ఉండటం, మిగిలిన కాలం మూడు నెలల లోపే అన్న అంచనా, ఈ రెండూ ఉన్నప్పుడు ఎక్కువ కేలరీలు ఇచ్చినా కండగా మారవు. ముక్కులోంచి గొట్టం వేయమనీ, నరంలోంచి పూర్తి ఆహారం ఇవ్వమనీ కొడుకు అడిగాడు. పేగు మూసుకుపోయి, జబ్బు మాత్రం మెల్లగా నడుస్తున్నవాళ్లలో కొందరికి నరం ద్వారా ఆహారం పనికొస్తుంది. ఇక్కడ ఇన్‌ఫెక్షన్, ఆయాసం, వాపు తప్ప వచ్చేదేమీ లేదని చెప్పి వద్దన్నాను. ఆ సంభాషణ ఒక్కసారితో అయిపోలేదు. మూడోసారి తండ్రే "వద్దురా, ఇంటికి పోదాం" అన్నారు.

ఇంటికి పంపేటప్పుడు చీటీ తిరగరాశాం. తూకం చూడటం ఆపేశాం. ప్రోటీన్ లెక్క తీసేశాం. ఐస్‌క్రీమ్ అడిగితే ఐస్‌క్రీమ్, ఊరగాయ నాకి వదిలేస్తే అదీ సరే. ఒలాంజపిన్‌ను బరువు కోసం కాక వికారానికీ నిద్రకూ ఉంచాం. మార్ఫిన్ ఉంచాం. తింటేనే ఎంజైమ్. తడిగుడ్డతో గంటకోసారి నోరు తుడవడం ఆయన భార్యకు నేర్పాం, చేతికి ఏదో ఒక పని ఉండటం ఆమెకూ అవసరం.

తర్వాత కొడుకు ఒకసారి ఫోన్ చేశాడు. రెండు రోజులుగా నీళ్లు తప్ప ఏమీ లేదు, షుగర్ 68 చూపిస్తోంది, ఇన్సులిన్ వేయాలా అని. వేయొద్దన్నాను, ఇక నుంచి షుగర్ చూడటం కూడా ఆపేయమన్నాను. వేళ్లు గుచ్చడం మానేస్తున్నామని తెలిసి ఆయన నవ్వారట. అదే వారంలో ఇంట్లోనే పోయారు.